మెట్టు తీసేసిన రోజు

అల్ ఐన్‌లో తెల్లవారుజామున ఐదింటికి
తొట్టి నీళ్లలో పాలపొడి కలుపుతాను.
అడుగున ఉన్న మెట్టు కనిపించకూడదు.
నా కొలువంతా అదే, ఉన్నదాన్ని కనిపించకుండా చేయడం.

నలభై ఒకటో నంబరు చిట్టెలుకను
ముఖం గోడవైపు తిప్పి నీళ్లలో వదులుతాను.
మొదటిరోజు అరవై సెకన్లూ గోడనే గోకింది,
చివరికి నేనే వేలితో దారి చూపాను.
మూడోరోజు ఇరవై రెండు.
ఐదోరోజు ఏడు!
గోడ మీది నల్ల ముక్కోణాన్నీ
తలుపుకి వేలాడే గళ్లగుడ్డనీ చూసి
లెక్క కట్టింది,
చింతగింజంత మెదడుతో.

పైకి తీసి తువ్వాలుతో ఒత్తుతాను.
నా బొటనవేలి కింద దాని గుండె
కుట్టుమిషన్‌లా కొట్టుకుంటుంది.
ఆ లెక్క ఏ కాగితం మీదా ఎక్కదు.

తర్వాత సూదిమందు.
సీసా మీద పేరు చదివి
నమ్మకం చాలక రోడెల్‌ని మళ్లీ చదవమన్నాను.
మాంగనీసు.
మా గర్భాం గనుల మాంగనీసు.
చీపురుపల్లి దారిలో లారీల వెనక లేచి
ఆరేసిన చీరల్నీ, బడిపిల్లల ముక్కుల్నీ
నల్లబరిచిన దుమ్ము
ఇక్కడ లేతగులాబీ నీరై
సిరంజిలో బుద్ధిగా కూచుంది.

సిన్నాన్న గౌరినాయుడు పద్దెనిమిదేళ్లు
ఆ రాయి పిండి చేశాడు.
తర్వాత్తర్వాత నవ్వడం మానేశాడు.
మానడం కాదు, ముఖం ఒప్పుకోలేదు.
అన్నం ముద్ద మూతిదాకా వచ్చి దారి తప్పేది.
"ఏటిరా, నా సెయ్యి నా మాట ఇనదు" అనేవాడు
కోపం లేకుండా,
పక్కింటి గుంటడి అల్లరి చెప్పినట్టు.
ఆస్పత్రిలో ఆయన తలలోకి ఎవరూ చూడలేదు.
నరాల బలహీనత అని రాసి గోలీలు ఇచ్చారు.

అయస్కాంతం గదిలోకి వెళ్లాలంటే
బెల్టు, తాళాలు, మొలతాడుకున్న తాయెత్తు
అన్నీ గుమ్మం ముందు వదిలేయాలి.
మత్తులో నలభై ఒకటి,
పొట్ట కింద వెచ్చటి నీటి గొట్టం.
యంత్రం నలభై నిమిషాలు
ఇత్తడి బిందెలు దొర్లినట్టు మోగింది.
తెర మీద బూడిదరంగులో
రెండు తెల్లని కొడవళ్లు తేలాయి.
"ఎక్కువ పనిచేసిన చోటికి లోహం చేరుతుంది,
ఇదిగో, నేర్చుకున్నది ఇక్కడే" అంది డాక్టర్ మౌజా.
"ఎక్కువైతే?" అడిగాను.
"విషం." ఆగి, నావైపు తిరిగింది. "నీకెలా తెలుసు?"
నాకొచ్చిన హిందీలో గర్భాం లేదు.
చెయ్యి ముందుకు చాచి
వణికించి చూపించాను.
ఆమె పెన్ను మూత పెట్టింది.
చాలాసేపు మళ్లీ తీయలేదు.

నిన్న మెట్టు తీసేశాం.
తెల్లటి నీళ్లు, అడుగున ఏమీ లేదు.
నలభై ఒకటి తిన్నగా అక్కడికే ఈదింది.
అక్కడే తిరిగింది,
ఓ చుట్టు, ఇంకో చుట్టు,
కాలితో తడుముతూ.
ముప్పై నాలుగు సెకన్లు.
లేనిచోట ఎంతసేపు వెతికితే
అంత బాగా గుర్తున్నట్టట.
మౌజా ముఖం వెలిగింది, మంచి అంకె కదా.
నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.
వచ్చేవారం నలభై ఒకటి ఉండదు.
ఆ కాగితం మీద సంతకం నాది కాదు,
పంజరం కడిగేది మాత్రం నేనే.

సాయంత్రం వ్యాన్‌లో,
"కాఫీకూజా రౌండబౌట్ దగ్గర ఆపు భాయ్" అన్నాను.
ఆ రౌండబౌట్ కొట్టేసి నాలుగేళ్లు.
కూజాని క్రేన్‌తో లేపుకుపోయారు,
ఇప్పుడక్కడ నాలుగు సిగ్నళ్లు, ఎర్రగా ఒక ఎడారి గాలి.
డ్రైవర్ స్వాత్ కుర్రాడు, వచ్చి ఏడాది కూడా కాలేదు,
కూజాని కంటితో చూసిందే లేదు.
సరిగ్గా అక్కడే ఆపాడు.